నిలువని కాగితపు గుడులు చెప్పిన సంగతులు

నటాలు చెరకు తోటలలో మన పెద్దలు కట్టుకొన్న చిన్న గుడులలో అనేకము నేడు లేవు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో నౌక మద్రాసునుండి డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు 1,52,000కు పైగా జనులు ఒప్పందపు కూలీలుగా ఈ దేశమునకు వచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి. తోట యజమాని చూపిన చోట మొదట కొయ్యలతోను, ముడతల ఇనుపరేకులతోను గుడి వేసికొనిరి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన పిదప ఇటుకతో, సున్నముతో కట్టుకొనిరి. కిష్టప్ప రెడ్డి వంటి పేరుపొందిన శిల్పులు కట్టిన ఆలయములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. పేరు తెలియని చేతులు కట్టిన చిన్న గుడులు మాత్రము, తోటల బారకాసులు ఖాళీ అయినప్పుడు, 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము కుటుంబములను చెదరగొట్టినప్పుడు, ఒకటి తరువాత ఒకటి పోయినవి.

మా సంఘమునకు మూలమైన తోట గుడియు అట్లు పోయినదే. మిగిలినవి మూడు ఛాయాచిత్రములు, ఒక దీపపు కుందె, ఎనభై దాటిన నలుగురైదుగురి జ్ఞాపకములు. ఆ గుడిని పిల్లలు ఇంటిలోనే ముద్రించుకొని, కత్తిరించి, అంటించి, బల్లమీద నిలుపుకొనునట్లు కాగితపు బొమ్మగా చేయవలెనని సంఘము తలపెట్టెను. తొమ్మిది నమూనాలు కుదరలేదు. పదవది కుదిరినది. కుదిరినదానిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. కుదరని తొమ్మిదింటిని గూర్చియే ఈ వ్యాసము. ఇతర సంఘములవారు తమ తమ పాత గుడులకు ఇట్టి పని పూనుకొనదలచినచో ఇది వారికి ఉపయోగపడవచ్చును.

ముందుగా పని జరుగు విధము. బ్లెండర్ అను ఉచిత ప్రోగ్రాములో గుడి రూపమును పలకలు పలకలుగా తెరమీద కట్టుదురు. పెపకురా డిజైనర్ అను జపాను దేశపు ప్రోగ్రాము ఆ రూపమును, అట్టపెట్టెను విప్పినట్లు విప్పి, ఏ4 కాగితముల మీద చదునుగా పరచును. అంచులకు అంటు రెక్కలను, అనగా జిగురు పూయుటకు మిగిల్చిన సన్నని పట్టీలను, తానే చేర్చును. బ్లెండరులోనే ఈ విప్పుడు పని చేయు ఉపకరణము కూడ ఒకటి కలదు. తెరమీద అంతయు చక్కగా కూడును. అయితే తెరమీది గోడకు మందము లేదు, బరువు లేదు, తేమ లేదు, పీచు లేదు. కాగితమునకు ఈ నాలుగును కలవు. నమూనా విఫలమగుట అనగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి నోరు విప్పి మాటలాడుట అనుకొనవచ్చును.

మరియొక సంగతి. దేవుని రూపము లేకపోయినను గుడి బొమ్మ గుడియే కావున దానిని చెత్తబుట్టలో వేయరాదని మా సంఘములో ఒక పెద్దాయన పట్టుపట్టిరి. యువకులు నవ్విరి గాని ఆయన మాట కాదనలేదు. అందువలన చెడిన నమూనాలన్నియు వంటశాల ప్రక్క బీరువాలో చేరినవి. ఒక్కొక్కదాని అడుగున తేదీ, కాగితపు రకము, చెడుటకు కారణము ఒక్క వాక్యములో వ్రాసి ఉంచిరి. ఈ బీరువాయే తరువాత మాకు బడి అయినది.

మొదటి నమూనా అతిగా వివరమైనది. స్తంభములు, గూళ్లు, చూరు క్రింది తామర రేకులు, అన్నియు తెరమీద విడివిడిగా చెక్కియుండెను. విప్పినప్పుడు కొన్ని ముక్కలు కందిగింజంత వచ్చినవి. అంత ముక్కకు అంటు రెక్క పెట్టినచో రెక్కయే ముక్కకంటె పెద్దది. చేతి వ్రేళ్లతో పట్టుకొను పనికి రెక్క కనీసము 5 మిల్లీమీటర్లు ఉండవలెనని అప్పుడు తేలినది. రెక్కయే 5 మిల్లీమీటర్లు అయినప్పుడు ముక్క 10 మిల్లీమీటర్లకు తక్కువ ఉండుట వ్యర్థము. అందుచేత ఒక నియమము ఏర్పడినది: నీడ పడు భాగమును మాత్రమే మడవవలెను, తక్కినదానిని బొమ్మగా ముద్రింపవలెను. తామర రేకులు ముద్రణలోనికి పోయినవి. చూరు మాత్రము మడతగా మిగిలినది.

రెండవ నమూనాలో ముక్కలు పెద్దవి, పని సుఖము. కాని అంతస్తులు ఒకదానిలో ఒకటి దిగలేదు. ఇక్కడ ఆలయ విమానము, అనగా గర్భగుడిమీది కట్టడము, ఎట్లుండునో చెప్పవలెను. మన శిల్పులు దానికి ఆరు అంగములు చెప్పుదురు. అడుగున పీఠమైన అధిష్ఠానము, దానిమీద గోడలు స్తంభములు గల పాదము, ఆపై చూరు వరుసయైన ప్రస్తరము, తరువాత మెడవంటి గ్రీవము, దానిమీద శిఖరము, చివర కలశముండు స్థూపి. నమూనాలో గ్రీవము ప్రస్తరమునందలి రంధ్రములో దిగి కూర్చుండవలెను. తెరమీద రంధ్రము 60 మిల్లీమీటర్లు, గ్రీవము 60 మిల్లీమీటర్లు, రెండును సరిగా కూడినవి. చేతిలో కూడలేదు.

కారణము మందము. మేము వాడినది 200 గ్రాముల అట్ట. ఒక చదరపు మీటరు కాగితము 200 గ్రాములు తూగునని దాని అర్థము. దాని మందము సుమారు పావు మిల్లీమీటరు. ఇటు గోడ ఒక పొర, దాని వెనుక అంటు రెక్క ఇంకొక పొర. అటు ప్రక్కను అట్లే రెండు పొరలు. మొత్తము నాలుగు పావులు కలసి ఒక మిల్లీమీటరు. వినుటకు ఒక మిల్లీమీటరు ఏమంత గొప్ప అనిపించును. బలవంతముగా దింపినప్పుడు మాత్రము గోడ పొట్ట ఉబ్బెను, మూల చినిగెను. రంధ్రమును 61 మిల్లీమీటర్లు చేసిన వెంటనే అది సులభముగా దిగినది. అంతస్తులు ఎక్కువగు కొలది ఈ తప్పు పైపైకి కూడుచుండును. కావున ప్రతి అతుకునొద్దను విడివిడిగా సరిచేయవలెను గాని, బొమ్మనంతటిని ఒకేసారి పెంచినందున ప్రయోజనము లేదు.

ఇక శిఖరము. మూడు, నాలుగు, అయిదు నమూనాలు దీనికే సమర్పితమైనవి. ఈ పని మొత్తములో విలువైన సంగతియు ఇక్కడనే దొరికినది.

ఛాయాచిత్రములలో శిఖరము గుండ్రముగా, బోర్లించిన కుండవలె కనబడుచుండెను. తెరమీద దానిని అట్లే గుండ్రముగా కట్టిరి. గుండ్రని తలమును కాగితముమీద పరచుట సాధ్యము కాదు. నారింజ తొక్కను ఒలిచి బల్లమీద చదునుగా నొక్కిచూడుడు, అది అంచులలో చినిగితీరును. బంతివంటి తలమును సాగదీయకుండ, చింపకుండ సమతలముగా చేయలేమని జర్మను గణితవేత్త గౌస్ 1827లో నిరూపించెను. ప్రపంచ పటములలో దేశముల ఆకారములు వంకర పోవుటకు గల కారణము కూడ ఇదియే. కాగితము ఒక దిక్కునకు మాత్రమే వంగును. గొట్టముగా చుట్టవచ్చును, శంకువుగా చుట్టవచ్చును. ఒకే చోట రెండు దిక్కులకును వంపుమన్నచో ముడత పడును.

ప్రోగ్రాము ఈ చిక్కును దాటుటకు గుండ్రని శిఖరమును పుచ్చకాయ ముక్కలవలె సన్నని రేకులుగా కోయును. మూడవ నమూనాలో 12 రేకులు, నాలుగవదానిలో 24. రేకులు తక్కువైనచో శిఖరము గుండ్రముగా రాదు, గొడుగువలె మూలలు పడును. ఎక్కువైనచో అతుకులు ఎక్కువ, ప్రతి అతుకునందును కొంత తప్పు చేరును. 24 అతుకులు ముగియునప్పటికి మొదటి రేకు, చివరి రేకు కలిసికొనక నడుమ సందు మిగిలినది. పైన కలశము ఒక ప్రక్కకు ఒరిగినది. అయిదవ నమూనాలో 16 రేకులతో ప్రయత్నించిరి. సందు తగ్గినది, గుండ్రమును తగ్గినది. రెండును సగము సగము కుదిరిన బొమ్మను చూచి ఎవరికిని తృప్తి కలుగలేదు.

అప్పుడు మూడింటిని బీరువానుండి తీసి, ఛాయాచిత్రముల ప్రక్కన వరుసగా నిలిపిరి. మూలలు స్పష్టముగా కనబడుచున్న మూడవ నమూనా, అనగా అన్నిటికంటె మోటుదని మొదట త్రోసివేసినదే, ఛాయాచిత్రమునకు దగ్గరగా ఉన్నట్లు తోచెను. చిత్రమును పెద్దది చేసి చూచినప్పుడు తెల్లని శిఖరముమీద పైనుండి క్రిందికి ఒక సన్నని నీడగీత, దానికి కొంత దూరమున మరియొకటి కనబడినవి. అది గుండ్రని తలముమీద పడు నీడ కాదు. రెండు ముఖములు కలియు అంచుననే అట్టి గీత పడును.

చాట్స్‌వర్త్‌లో మనుమల వద్ద ఉన్న ఒక పెద్దామె ఆ తోటలోనే పుట్టి పెరిగినవారు. తెరమీద రూపము కట్టిన యువకుడు ఆ మూడవ నమూనాను తీసికొనిపోయి, "అవ్వా, శిఖరం గుండ్రంగా ఉండేదా?" అని అడిగెను. ఆమె బొమ్మను చేతిలో త్రిప్పి చూచి చెప్పిన మాట ఇది: "గుండ్రం ఎక్కడిదిరా నాయనా? ఎనిమిది ముఖాలు. ఉగాదికి ముందు సున్నం కొట్టేటప్పుడు ముఖానికొక మనిషి. బావి వైపు ముఖం మా నాయనది."

ఏటేట సున్నము పొరమీద పొర పడి అంచులు మొద్దుబారినవి. అందుచేతనే చిన్న ఛాయాచిత్రములో శిఖరము గుండ్రముగా కనబడినది. శిల్పశాస్త్రములలో చతురస్ర శిఖరమును నాగరమనియు, ఎనిమిది పలకల శిఖరమును ద్రావిడమనియు, వృత్త శిఖరమును వేసరమనియు విభజించుట కలదు. ఆ పేరు తెలియని మేస్త్రీ తన ఊరిలో చూచిన పద్ధతినే సముద్రము దాటి వచ్చియు విడువలేదన్నమాట. ఈ సంగతి సంఘపు దస్తావేజులలో ఎక్కడను లేదు. మూడు చెడిన బొమ్మలును, అవ్వ మాటయు లేనిదే అది మనకు దక్కెడిది కాదు. నా దృష్టిలో ఈ పనిమీద వెచ్చించిన నెలలన్నిటికి ఈ ఒక్కటి చాలును.

ఎనిమిది ముఖముల శిఖరము కాగితమునకు ఎంతో అనుకూలము. ఒక్కొక్క ముఖము పైనుండి క్రిందికి మాత్రమే వంగును, అడ్డముగా చదునుగానే ఉండును. ఒక దిక్కు వంపును కాగితము సంతోషముగా ఒప్పుకొనును. లెక్కయు సులభము. నడిమి నుండి ముఖము మధ్యకు గల దూరమును 0.828తో హెచ్చించినచో ఆ ఎత్తున ముఖపు వెడల్పు వచ్చును. ఆ దూరము 40 మిల్లీమీటర్లు ఉన్న చోట వెడల్పు 33 మిల్లీమీటర్లు. పట్టీ పొడవును మాత్రము శిఖరపు ఎత్తుతో సమముగా తీయరాదు, వంపు వెంట కొలువవలెను. వంపు 40 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల వృత్తములో నాలుగవ వంతు అయినచో ఎత్తు 40 మిల్లీమీటర్లే గాని పట్టీ పొడవు దాదాపు 63 మిల్లీమీటర్లు. ప్రోగ్రాము దీనిని తానే చూచుకొనును. అయినను పిల్లలచేత ఒకమారు దారముతో కొలిపించుట మంచిది. పట్టీ అంచులు వంపుగా ఉండును గనుక వాటి అంటు రెక్కలను రంపపు పళ్లవలె కత్తిరింపవలెను. లేనిచో రెక్క ముడతపడి ముఖమును లాగివేయును.

శిఖరము రూపము తేలిన పిదప ఆరవ నమూనా నిలువవలసినది. నిలిచినది కూడ, కాని ఎనిమిది ముఖములలో మూడు వంగిన చోట పగిలి తెల్లని గీతలు తేలినవి. తక్కిన అయిదును నున్నగా వంగినవి. అదే అట్ట, అదే కత్తెర, అదే చేయి. తేడా ఎక్కడ? మూడు ముఖములు పుటమీద అడ్డముగా ముద్రింపబడియుండెను. చోటు మిగుల్చుటకై ప్రోగ్రాము వాటిని అట్లు త్రిప్పి సర్దినది. యంత్రముమీద కాగితము తయారగునప్పుడు పీచు ఎక్కువగా ఒకే దిక్కునకు వాలును. పీచు వెంట మడత, చుట్టు సుఖముగా వచ్చును. పీచును అడ్డగించి వంపినచో పై పొర పగులును. అట్టను నిలువుగా ఒకమారు, అడ్డముగా ఒకమారు మెల్లగా వంచి చూచినచో ఏ దిక్కున తక్కువ ఎదురు తిరుగునో చేతికే తెలియును. అప్పటినుండి శిఖరపు ముఖములన్నిటిని ఒకే దిక్కుగా పేర్చితిమి. ఒక పుట ఎక్కువైనది, అంతే.

ఏడవదానిని వానకాలము చెడగొట్టినది. డర్బన్ ప్రాంతమున వానకాలము వేసవిలోనే గదా. జనవరిలో గాలి తేమతో బరువుగా ఉండును. సాయంకాలము సూటిగా నిలిపిన గోడలు తెల్లవారునప్పటికి విల్లువలె వంగినవి. తేమ తగిలిన పీచు పొడవునకంటె అడ్డముగా ఎక్కువ ఉబ్బును. తెల్ల జిగురులో ఉన్న నీరు దానికి తోడు. జిగురును పలుచగా, రెక్క మీదనే పూసి, ఆరువరకు బరువైన పుస్తకము క్రింద ఉంచుట మొదటి ఉపాయము. గోడల వెనుక అడ్డముగా ఒక లోపలి పలక పెట్టుట రెండవది. రెండింటిని ఒకేసారి చేసియుండినచో ఏది పనిచేసినదో తెలిసెడిది కాదు. కావున రెండు చిన్న పెట్టెలు మాత్రము చేసి, ఒకదానికి జిగురు మార్పు, రెండవదానికి పలక ఇచ్చి, వారము రోజులు గమనించిరి. పలక గల పెట్టెయే సూటిగా నిలిచెను. గుడినంతటిని మరల కట్టుట కంటె అనుమానమున్న అతుకును మాత్రమే కట్టి చూచుట కాగితమును, ఓపికను మిగుల్చును.

స్థూపి సంగతి రెండు మాటలలో ముగింపవచ్చును. కలశము రెండు దిక్కుల వంపు గలది గనుక దానిని అయిదారు చిన్న శంకువులుగా విడగొట్టి ఒకదానిమీద ఒకటి పేర్చవలెను. ఓపిక లేనివారు సన్నని కాగితపు పట్టీని పుల్లకు చుట్టి చేసికొనవచ్చును. చూచువారికి తేడా తెలియదు.

ఎనిమిదవ నమూనా పెద్దల చేతిలో చక్కగా నిలిచినది. పిల్లల చేతిలో రెండు విధముల ఓడినది. మొదటిది ముద్రణ. ఒక ఇంటిలో ముద్రణ యంత్రము పుటకు సరిపోవునట్లు బొమ్మను తగ్గించి ముద్రించును, ఇంకొక ఇంటిలో అసలు కొలతతో ముద్రించును. సగము పుటలు ఇక్కడ, సగము పుటలు అక్కడ ముద్రించుకొన్న అన్నచెల్లెండ్ర గుడికి గోడలు ఒక కొలత, కప్పు ఒక కొలత అయినవి. ఇప్పుడు ప్రతి పుట మూలను 50 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసియున్నాము. కత్తెర పట్టుటకు ముందు బద్దతో ఆ గీతను కొలువవలెను. 50 రానిచో యంత్రములో నూరు శాతము కొలత ఎంచి మరల ముద్రింపవలెను.

రెండవది అంటించు వరుస. పదేండ్ల పిల్ల నాలుగు గోడలు, కప్పు, అడుగు అన్నియు అంటించి చివరి మూలకు వచ్చెను. లోపలినుండి నొక్కుటకు వ్రేలు దూరదు. బయటినుండి నొక్కినచో గోడ లోనికి పోవును. తెరమీద చివరి మూల అనునది లేదు, అన్ని మూలలును ఒకేసారి ఉండును. చేతికి మాత్రము తప్పక ఒక చివరి మూల ఉండును. అది వ్రేలు అందు చోట, బయటికి కనబడని చోట రావలెను. పీఠపు అడుగును మూయక వదలివేసితిమి. పీఠము అడుగున ఎవరు చూతురు?

ఈ ఎనిమిదవదానిలోనే మాటల చిక్కును బయటపడినది. ఇంగ్లీషు పద్ధతిని అనుసరించి గీతలకు "కొండ మడత", "లోయ మడత" అని పేర్లు పెట్టియుండిరి. పిల్లలకు అవి అర్థము కాలేదు, నిజము చెప్పవలెనన్న వారి తల్లులకును అర్థము కాలేదు. "వెనుకకు మడువుము", "ముందుకు మడువుము" అని మార్చినప్పుడు ప్రశ్నలు ఆగిపోయినవి. అంటు రెక్కలమీద అంకెలకు బదులు అంగముల పేర్లు తెలుగులో వ్రాసితిమి. "గ్రీవము" అని ఉన్న రెక్క "గ్రీవము" అని ఉన్న చోటనే అంటును. చదువనిదే గుడి లేవదు. మన ఆదివారపు బడిలో అక్షరములు ఇప్పుడిప్పుడే కూడబలుకుకొనుచున్న పిల్లలు కూడ "ప్రస్తరము" అను మాటను తడుముకొనక చదువుచున్నారు. వత్తులు మాత్రము పెద్దగా, విడిగా ముద్రింపవలెను. చిన్న రెక్కమీద "స్త" ఒక మరకవలె కనబడునని ఒక తల్లి చెప్పిరి. ఆ రెక్కను 8 మిల్లీమీటర్లకు పెంచితిమి.

తొమ్మిదవ నమూనా కట్టడములో ఏ లోపమును లేదు. అది రంగువలన చెడినది. ఛాయాచిత్రములు మూడును నలుపు తెలుపులవి. శిఖరము తెలుపు అని అందరును అంగీకరించిరి, సున్నము సంగతి తెలిసినదే గదా. గోడలయొద్ద తగాదా వచ్చెను. ఒకరు పసుపు అనిరి. ఒకరు నీలము అనిరి. ఇంకొకరు ఎరుపు తెలుపు పట్టెలు తమ కన్నులతో చూచితిమనిరి. ఎవరి బాల్యము ఏ యేటిదో, ఏ యేట ఏ రంగు పూసిరో చెప్పగలవారు లేరు. అందరి మాటయు నిజమై ఉండవచ్చును. పసుపు గోడలతో ముద్రించిన తొమ్మిదవదానిని చూచి ఇద్దరు పెద్దవారు ఇది మా గుడి కాదని లేచిపోయిరి.

కావున పదవదానిని తెల్లగానే ముద్రించితిమి. మొత్తము ఏడు పుటలు, 200 గ్రాముల అట్టమీద. పుట్టిన యేడు, గోడ రంగు అడుగుచు రెండు ఖాళీ గీతలు పీఠము క్రింద ఉంచితిమి. ఇంటిలో పెద్దవారిని అడిగి, పిల్లలు అవి నింపి, ఆ రంగే పూసి, బొమ్మను శ్రీరామనవమి నాటికి గుడికి తీసికొని రావలెను. రంగు పెన్సిళ్లు ఎవరివి వారే తెచ్చుకొనవలెను. కత్తెరలు, జిగురు సంఘము ఇచ్చును.